తొంభై ఆరు

లిమింకా దాటాక రోడ్డు తిన్నగా పోతుంది,
ఎవరో గీత గీసి మరిచిపోయినట్టు.
మార్చి నెల. చేలల్లో మంచు ఇంకా తీరని పాత బాకీ.
నా సంచిలో నలభై పేజీల ప్రశ్నాపత్రం,
మూడు పెన్సిళ్ళు. చలికి పెన్నులు రాయవు.

గుమ్మంలోనే సగం తెలిసిపోతుంది నాకు.
గోడవారగా రబ్బరు బూట్లు,
తండ్రివి మొదలుకొని గుప్పెట్లో పట్టేవాటి దాకా
ఇరవై మూడు.
రెండుతో భాగిస్తే శేషం ఒకటి.

తెల్లెర్వో కాఫీ పోసింది.
ఏలకుల రొట్టెను కిటికీలోకి చూస్తూ కోసింది,
ముక్కలన్నీ సమానంగా వచ్చాయి.
ఈ విద్యకి నా శాస్త్రంలో పేరు లేదు.

ప్రశ్న ముప్పై ఒకటి:
మీ జీవితం మళ్ళీ మొదలై,
సరిగ్గా ఎంతమంది పిల్లలు కావాలో
మీరే ఎంచుకోగలిగితే, ఎంతమంది?
ఈ ఒక్క వాక్యాన్ని మేం నలుగురం
రెండేళ్ళు నూరాం.

ఆమె నవ్వింది. ఎగతాళి కాదు,
గాలిని తూకం వెయ్యమంటే నవ్వే నవ్వు.
"ఇచ్చినవాడు లెక్క అడగలేదు,
నేనెందుకు చెప్పాలి?"

అంకె కాని జవాబుకి మా దగ్గర ఒక అంకె ఉంది.
తొంభై ఆరు.
దేవుడి దయ అంటే తొంభై ఆరు.
మా ఆయన ఇష్టం అంటే తొంభై ఆరు.
ఏమో, ఎప్పుడూ అనుకోలేదు అన్నా అదే.
ఇన్ని వేర్వేరు మౌనాలు
ఒకే గడిలో, ఒకే దుప్పటి కింద
కాళ్ళు ముడుచుకుని పడుకుంటాయి.

లెక్కలేనితనం అంటారు సదస్సుల్లో, టీ విరామంలో.
ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను,
లెక్క లేని తల్లి నాకు తగల్లేదు.
ప్రార్థనామందిరం మెట్లు దిగేటప్పుడు,
వేసవిలో నది ఒడ్డున,
రాత్రి దీపం ఆర్పబోతూ
పెదాలు కదులుతాయి.

"నీకెంతమంది?" అని అడిగింది.
ఆ ప్రశ్న నా పత్రంలో లేదు.
సున్నా అన్నాను, తడుముకోకుండా.
ఒకసారి నెల తప్పింది నాకు.
తొమ్మిదో వారంలో లెక్క తప్పింది.
సజీవ జననాల పట్టికలో దానికి వరస ఉండదు.
ఆ పట్టిక గీసింది నేనే.
తెల్లెర్వో ఏమీ అనలేదు.
ఇంకో ముక్క నా పళ్ళెంలో పెట్టి
ప్రశ్న ముప్పై రెండు ఏమిటంది.

కారు దాకా సాగనంపడానికి వచ్చింది సైమి,
ఆమె నాలుగో కూతురు.
ఇద్దరు నడిచేవాళ్ళు, ఒకరు ఇంకా లోపల.
ఇందాక తల్లి పక్కన కూర్చుని
అదే జవాబు చెప్పింది, అదే గొంతుతో, దాదాపు అదే నవ్వుతో.
ఇప్పుడు చేతి తొడుగు విప్పి
అద్దం మీది మంచులో వేలితో ఒక అంకె రాసింది.
నేను చూశానో లేదో చూసింది.
మణికట్టుతో తుడిచేసింది.

"రెండూ నిజమే," అంది.
"అబద్ధం చెప్పలేదు లోపల.
రెండూ రాసుకోవచ్చా?"

ఒక మనిషికి ఒక గడి.
కుదరదని చెప్పడం నా పని.
ఇంజను స్టార్టు చేశాను.
చాలాసేపు దానికే కష్టమైంది, ఆ చలిలో.

ఊలులో, రాత్రి పదకొండింటికి
ఆమె వరస దగ్గర మునివేళ్ళు ఆగాయి.
ఏం నొక్కానో ఇక్కడ రాయను,
గోప్యత నియమం మీద సంతకం పెట్టాను.
మతం, చదువు, పెళ్ళినాటి వయసు
అన్నీ కలిపితే నా సమీకరణం
ఆమెను చాలామటుకు వివరిస్తుంది.
వివరించలేనిదాన్ని శేషం అంటాం,
దాని మీద అంచనాలన్నీ వేసేది
అది మొత్తంమీద సున్నా అవుతుందనే నమ్మకంతో.
మాకూ ఒక నమ్మకం ఉంది మరి.

పక్కమీద వాలాక గుర్తొచ్చింది,
ఆ ఒంటి బూటు ఎవరిదో అడగలేదు.